"కంపెనీ ట్యూబ్‌లోంచి తీసిస్తా సార్" అనే ఆయన దగ్గర డీఎస్1210 చిప్ కొనకండి

పాత ప్యానెళ్ళు రిపేర్ చేసేవాళ్ళు ఇది చదివాకే ఆర్డర్ పెట్టుకోండి. పేరు చెప్పక్కర్లేదు. దొరకని ఐసీ ఏదైనా కావాలంటే మనలో సగం మంది వాట్సాప్‌లో అడిగేది ఆయన్నే. "ఒరిజినల్ స్టాక్ సార్, కంపెనీ ట్యూబ్‌లోంచి తీసిస్తా సార్" అంటాడు చూడండి, ఆయనే. ట్యూబ్ అంటే కొత్త చిప్పులు కంపెనీ నుంచి వచ్చే ప్లాస్టిక్ గొట్టం.

భీమవరం పక్కన ఒక రొయ్యల మేత మిల్లు, అందులో పాత బ్యాచింగ్ ప్యానెల్. సోయా ఎంత, చేపపొడి ఎంత, తవుడు ఎంత అన్న ఫార్ములాలన్నీ 62256 ర్యామ్‌లో, అంటే కరెంటు పోతే అన్నీ మరిచిపోయే మెమరీ చిప్‌లో ఉంటాయి. కరెంటు పోయినప్పుడు సీఆర్2032 బటన్ సెల్ మీద ఆ ర్యామ్‌ని కాపాడే డీఎస్1210 పోయింది. ఈయన దగ్గర తెప్పించి వేశాను. బల్ల మీద ఆపి చూశా, వేసి చూశా, ఫార్ములాలు పదిలం. బిగించి వచ్చేశా. మన లైన్ల సంగతి తెలిసిందేగా, గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు. రాత్రి కరెంటు ఊగి ఊగి పోయింది. తెల్లారేసరికి సోయా బరువు ఉండాల్సిన చోట పిచ్చి అంకెలు, మిక్సర్ ఆగిపోయింది, కూలీలు గట్టు మీద కూర్చున్నారు. ఆ మిల్లాయన నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

చిప్ ఊడదీసి, బోర్డుతో పని లేకుండా విడిగా సాకెట్‌లో పెట్టి చూశా. ఈ చిప్ పని సెల్ వోల్టేజీ అందించడం ఒక్కటే కాదండీ. దానికైతే రెండు డయోడ్లు చాలు. 5 వోల్టులు తగ్గడం మొదలవగానే ర్యామ్‌కి వెళ్ళే చిప్ ఎనేబుల్‌ని, అంటే రాయడానికీ చదవడానికీ తలుపు తీసే తీగని, పైకి లాగి (వోల్టేజీ పెంచి) తలుపు మూసెయ్యాలి. లేకపోతే వోల్టేజీ సరిపోక తిక్కపట్టిన ప్రాసెసర్ దొరికిన చోటల్లా చెత్త రాసేస్తుంది. బల్ల మీద స్విచ్ ఆపితే సప్లై టక్కున పడిపోతుంది కాబట్టి ఇది బయటపడలేదు. ఎంత వోల్టేజీకి మూయాలో ఎంచే టాలరెన్స్ పిన్ గ్రౌండ్‌కి కలిపితే 4.75కీ 4.5కీ మధ్య ఆ తలుపు పడాలి. నేను సప్లైని మెల్లగా 4 దాకా దించినా ఈ మహానుభావుడి చిప్ తలుపు బార్లా తెరిచే ఉంచింది. అది చాలదన్నట్టు 5 వోల్టులు తీసేసి, సెల్‌కి వరసలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి కొలిస్తే దాని మీద 200 మిల్లీవోల్టులు. అంటే ర్యామ్ లేకుండా చిప్ ఒక్కటే 200 మైక్రో ఆంపియర్లు తాగుతోంది. చిప్ కంపెనీ ఇచ్చే డేటాషీట్ ప్రకారం 100 నానో ఆంపియర్లు దాటకూడదు. ఈ లెక్కన కరెంటు లేకుండా ఉంటే 220 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్ నెలన్నరకి ఖాళీ. ఏళ్ళ తరబడి ఉండాల్సిన సెల్ అది!

వీడియో తీసి పంపా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఫోన్ చేశా. ఫోన్‌పేలో డబ్బు పడేదాకా సార్, సార్ అన్న మనిషి ఎత్తగానే "ఏం తమ్ముడూ, వైరింగ్ చూసుకున్నావా?" అన్నాడు. వయసులో నాకంటే చిన్నోడే, పోనీలే అనుకున్నా. చిప్‌కి రెండో బ్యాటరీ కోసం ఉన్న పిన్ ఎక్కడా కలపకుండా గాల్లో వదిలేసుంటావన్నాడు. గ్రౌండ్‌కి కలిపానండీ, ఫొటోలో ఉంది చూడండన్నా. అయితే మీ ఉప్పుగాలికి బోర్డు లీకవుతోందన్నాడు. బోర్డు ఎక్కడిదండీ, చిప్ ఒక్కటే సాకెట్‌లో ఉంది, సాకెట్ కూడా ఐపీఏ ఆల్కహాల్‌తో కడిగానన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రొయ్యల గుంటల మధ్య కూర్చుని నాకు డేటాషీట్ చెప్తున్నావా? పని రానోడికి ఏ చిప్ ఇచ్చినా ఇంతే" అన్నాడు. పక్కనెవరో నవ్వారు. స్పీకర్‌లో పెట్టాడన్నమాట! నేను నోరు తెరిచేలోపు కట్ చేశాడు. ఆ తర్వాత బ్లాక్.

డబ్బు పోతే పోయింది. ఆ నవ్వే ఇంకా మండుతోంది.

అప్పుడు దూదికి అసిటోన్ అద్ది చిప్ మీద రుద్దా. నల్లటి పూత, అక్షరాలు కలిసి ఊడొచ్చాయి, కింద అరగదీసిన గీతలు, వేరే నంబరు తోక. అసలు ఈ చిప్ మొదట చేసిన డల్లాస్ కంపెనీ 2001లోనే మ్యాక్సిమ్‌లో కలిసింది, మ్యాక్సిమ్ 2021లో అనలాగ్ డివైసెస్‌లో కలిసింది. దీని మీదేమో డల్లాస్ పేరు, పక్కనే 22తో మొదలయ్యే డేట్ కోడ్, అంటే 2022లో చేసినట్టు. కళ్ళజోడు పెట్టుకుని మరీ టంకం వేశాను, ఏం లాభం!

మిల్లాయనకి ఇప్పుడు ర్యామ్ సాకెట్‌లోనే డీఎస్1230 పెట్టా. సెల్లు, కాపలా అన్నీ లోపలే. ఖరీదెక్కువ, ఆథరైజ్డ్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొన్నా. అందులోనూ పాత స్టాక్ వద్దు, లోపలి సెల్ చచ్చి ఉండొచ్చు.

మీ దగ్గర ఆయనిచ్చిన చిప్పులుంటే బోర్డులో వేసేముందు సప్లై మెల్లగా దించి ఎనేబుల్ పిన్ చూడండి, రెసిస్టర్‌తో సెల్ కరెంటు కొలవండి. డబ్బు ముందే పంపకండి. ఆయనతో ఫోన్‌లో మాట్లాడాల్సి వస్తే మాత్రం రికార్డింగ్ ఆన్ చేసుకోండి.