ఫినాఫ్తలీనా, మిథైల్ ఆరెంజా: టైట్రేషన్‌కి ఏది మేలు?

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ మొదలయ్యాయంటే చాలు, ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. టైట్రేషన్ అంటే గాఢత తెలిసిన ద్రావణాన్ని కొలిచి పోస్తూ, తెలియని దాని గాఢత కనుక్కోవడం. రెండు చుక్కల ఇండికేటర్‌కి (రంగు మారి ఎక్కడ ఆపాలో చెప్పే ద్రవానికి) ఇంత టెన్షన్ ఎందుకు అనిపించొచ్చు గానీ, రీడింగ్ మొత్తం తారుమారు కావడానికి ఆ రెండు చుక్కలే చాలు.

ఫినాఫ్తలీన్‌కి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 అంటే తటస్థం) 8.3 దాకా రంగే ఉండదు, 10కి చేరేసరికి నిండు గులాబీ అవుతుంది. మిథైల్ ఆరెంజ్ 3.1 లోపు ఎరుపు, 4.4 దాటితే పసుపు. రెండింటిలో ఏదీ 7 దగ్గర మారదు. మారాల్సిన పనీ లేదు. నా లెక్కలో చూడాల్సింది ఒక్కటే: చివరి చుక్కల దగ్గర పీహెచ్ ఎక్కడి నుంచి ఎక్కడికి గెంతుతుంది?

25 మి.లీ. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అదే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ పోస్తున్నాం అనుకోండి. పూర్తవడానికి ఒక్క చుక్క ముందు పీహెచ్ సుమారు 4, ఒక్క చుక్క తర్వాత సుమారు 10. ఆ రెండు చుక్కల మధ్యే రెండు ఇండికేటర్లూ తిరిగిపోతాయి కాబట్టి ఇక్కడ ఏది వేసినా ఒకటే.

అదే ఫ్లాస్కులో ఎసిటిక్ ఆమ్లం ఉంటే కథ మారుతుంది. ఇది బలహీన ఆమ్లం. తుల్య బిందువు (ఆమ్లం, క్షారం సరిగ్గా సరిపోయే చోటు) దగ్గర మిగిలే ఎసిటేట్ అయాన్ కాస్త క్షార గుణం చూపిస్తుంది, పీహెచ్ 8.7 దగ్గర ఉంటుంది. ఫినాఫ్తలీన్‌కి సరిగ్గా అతికినట్టుంటుంది. మిథైల్ ఆరెంజ్ వేశారంటే బ్యూరెట్ (కొలిచి పోసే గొట్టం) తిప్పిన కాసేపటికే ఎరుపు వెలిసిపోవడం మొదలై, 8 మి.లీ. కూడా పోయకముందే పసుపైపోతుంది. పోయాల్సింది 25. పోనీ ఎక్కడ ఆపాలో తెలుస్తుందా అంటే అదీ లేదు, నారింజ ఎప్పుడు పసుపైందో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు కూడా ఒప్పుకోరు.

అందుకే వీలున్న ప్రతిచోటా నా ఓటు ఫినాఫ్తలీన్‌కే. రంగు లేని చోట లేత గులాబీ పుడితే ఏ కంటికైనా ఆనుతుంది. ఫ్లాస్కు కింద తెల్ల కాగితం పెట్టి, కలుపుతుండగా లేత రంగు అర నిమిషం నిలిచిందంటే ఆపేయండి. ఆ తర్వాత వెలిసిపోతే కంగారుపడి ఇంకో చుక్క వేయకండి. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి చేసే పని.

మిథైల్ ఆరెంజ్ తప్పనిసరయ్యేది అమోనియా లాంటి బలహీన క్షారాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేసేటప్పుడు. తుల్య బిందువు 5.3 దగ్గర పడుతుంది. ఫినాఫ్తలీన్ గులాబీ అంతకు 2 మి.లీ. ముందే పూర్తిగా పోతుంది. (మిథైల్ రెడ్ అనే ఇంకో ఇండికేటర్ దొరికితే ఇంకా మంచిది.) సోడియం కార్బొనేట్‌కైతే రెండూ పనికొస్తాయి. ఫినాఫ్తలీన్ రంగు పోయేసరికి బైకార్బొనేట్ దాకానే, అంటే సగం పనే అయినట్టు. మిథైల్ ఆరెంజ్ మారితే మొత్తం అయినట్టు. మొదటి రీడింగే తీసుకుని రెట్టింపు చేయడం మర్చిపోతే గాఢత సగానికి సగం తప్పుతుంది.

లిట్మస్ ఆమ్లమా క్షారమా అని చూసుకోవడానికే, టైట్రేషన్‌కి వద్దు. రంగు మరీ నింపాదిగా మారుతుంది. ఇక ఎసిటిక్ ఆమ్లం, అమోనియా లాగా రెండూ బలహీనమైనవే అయితే గెంతే ఉండదు. అక్కడ ఏ ఇండికేటర్ గురించీ అడగొద్దు, పీహెచ్ మీటర్ పెట్టుకోండి.