ఈమోరియామా కొండ, ఐజువకమత్సు (జపాన్): తప్పక వెళ్ళండి, గైడ్‌ని మాత్రం అడిగి చెప్పించుకోండి

జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు టోక్యోలో ఉంటారు. ఈసారి వచ్చినప్పుడు ఫుజి వద్దు, ఈమోరియామా చూపించండమ్మా అని అడిగాను. టోక్యో నుంచి షింకాన్సెన్‌లో కోరియామా, అక్కడ రైలు మారితే ఐజువకమత్సు. స్టేషన్ ముందు నుంచి ఊరంతా తిరిగే టూరిస్టు బస్సు ఎక్కితే కొండ కింద దింపుతుంది.

పైకి 183 మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కంగారు పడక్కర్లేదు, పక్కనే స్లోప్ కన్వేయర్ (నిలబడితే పైకి తీసుకెళ్ళే కదిలే పట్టీ) ఉంది. నేను వెళ్ళినప్పుడు టికెట్ 250 యెన్లు. నాకైతే పైసా వసూలే. కానీ అది ఎక్కడానికే, దిగేటప్పుడు నడవాలి. చేతికర్ర తీసుకెళ్ళండి.

పైన 19 మంది కుర్రాళ్ళ సమాధులు వరసగా ఉంటాయి. 1868 జపాన్ అంతర్యుద్ధంలో ఈ ఊరు రాజధానిగా ఉన్న ఐజు సంస్థానం తరఫున పోరాడిన బ్యక్కోతాయ్ దళం వాళ్ళవి. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు. కొండ మీదికి వెనక్కి వచ్చి, ఊళ్ళోని ఐజు కోట వైపు పొగ చూసి అంతా అయిపోయిందనుకుని తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. కోట అప్పటికి పడిపోలేదు, ఇంకో నెల దాకా నిలిచింది. నేను పాఠం చెప్పింది ఆ వయసు పిల్లలకే. అక్కడ నిలబడితే నాకు గుండె పట్టేసింది.

మేము మాట్లాడుకున్న ఇంగ్లీషు గైడ్ ఇంతవరకు చాలా బాగా చెప్పాడు. సమాధులకి ఎదురుగా, పైన గద్దతో ఒక రోమన్ స్తంభం ఉంటుంది. దాని దగ్గరికి రాగానే "ఇటలీ వాళ్ళు మెచ్చుకుని పంపారు" అని ముందుకి నడిచాడు. నాకు నచ్చనిది ఇదే. అది 1928లో ఇటలీ ఫాసిస్టు నియంత ముస్సోలినీ ప్రభుత్వం పంపిన కానుక. ఈ పిల్లల కథని ఇటలీకి మోసుకెళ్ళింది అక్కడ జపనీస్ భాష బోధించిన షిమోయ్ హరుకిచి. అప్పటికే ఇటలీలో ఫాసిస్టుల బాలల సంస్థ బలిల్లా పిల్లలకి యూనిఫాం వేసి కవాతు నేర్పుతోంది. నాయకుడి కోసం చావడమే గొప్ప అని చెప్పేవాళ్ళకి ఈ సమాధుల్లాంటి ఆధారం ఇంకెక్కడ దొరుకుతుంది?

దగ్గర్లోనే జర్మన్ దౌత్యాధికారి హాసో ఫొన్ ఎట్స్‌డోర్ఫ్ 1935లో ఇచ్చిన రాయి ఉంది. "ఐజు యువ వీరులకు ఒక జర్మన్" అని రాసుంటుంది. మూడేళ్ళకి, 1938లో, నాజీల యువజన సంస్థ హిట్లర్ యూత్ నుంచి 30 మంది యోకోహామాలో దిగి దాదాపు మూడు నెలలు జపాన్ అంతా తిరిగారు. ఈ కొండకీ వచ్చారు. కవి కితహరా హకుషు వాళ్ళకి స్వాగత గీతం రాశాడు. అదే ఏడాది జపాన్ యువకుల బృందం జర్మనీ వెళ్ళి న్యూరెంబర్గ్‌లో నాజీ పార్టీ మహాసభ చూసింది. 1941లో జపాన్ తన యువజన సంఘాలన్నిటినీ కలిపి ఒకే జాతీయ సంస్థ చేసింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో దిగిన అమెరికా ఆక్రమణ సేనలు ఈ రాళ్ళ మీది రాతలు కొన్ని చెరిపిస్తే, తర్వాత మళ్ళీ చెక్కించారు. వాటిని తీసేయమని నేననను. అక్కడే ఉండాలి. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో వివరంగా చెప్పాలి. డబ్బు తీసుకున్న గైడ్ ఈ కథ దాటేయకూడదు. నేను అడిగాక చెప్పాడు, అదీ తెలిసే చెప్పాడు. అడగని వాళ్ళ సంగతేంటి?

ఇంకొకటి కూడా చూపించమనండి: ఈనుమా సదాకిచి సమాధి. ఆ రోజు ఆత్మహత్యకి ప్రయత్నించి బతికి బయటపడ్డ ఒకే ఒక్క అబ్బాయి. తర్వాత టెలిగ్రాఫ్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి 1931లో పోయాడు. ముస్సోలినీ స్తంభం వచ్చేనాటికి ఆయన ఇంకా బతికే ఉన్నాడన్నమాట. ఆయన సమాధి మిగతా 19కి కాస్త దూరంగా ఉంటుంది, గైడ్ లేకపోతే చూడకుండానే వచ్చేస్తారు.

కిందికి దిగేదారిలో సజాయెదో గుడి ఉంది. 1796 నాటి చెక్క కట్టడం, ఎక్కేదారి, దిగేదారి కలవకుండా మెలి తిరుగుతాయి. టికెట్ వేరు. ఓపికుంటే చూడండి. ఏప్రిల్ 24న గానీ సెప్టెంబర్ 24న గానీ వెళ్తే సమాధుల ముందు కత్తి నృత్యం కూడా ఉంటుంది, కాకపోతే ఆ రోజుల్లో గైడ్‌ని ముందే మాట్లాడుకోండి.