బంక కారే మామిడి మొక్క: వెంటనే మందు పూయడం మేలా, గీరి చూడడం మేలా?

పెరట్లో మూడు నాలుగేళ్ల మామిడి మొక్కకు మొదలు దగ్గర బంక కారుతుంటే, చాలామంది మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూసి ఊరుకుంటారు. రెండో దారి, బెరడును చాకుతో కొద్దిగా గీరి, కారణం తేలాకే మందు జోలికి వెళ్లడం. మొదటిది పది నిమిషాల పని. రెండోదానికి ఓపికతో పాటు, పెంచుకున్న మొక్క మీద కత్తి పెట్టే ధైర్యం కూడా కావాలి. అయినా నేను రెండోదానివైపే మొగ్గుతాను, ఎందుకంటే శిలీంద్రం సోకినా, పురుగు తొలిచినా, కొడవలి తగిలినా మామిడికి బంక కారుతుంది.

కాండం తొలిచే పురుగు ఉంటే కన్నం నుంచి రంపపు పొట్టు వంటి పొడి రాలి మొక్క మొదలు దగ్గర పడుతుంది. అటువంటి చోట పేస్టు పూస్తే కన్నం మన కంటికి మరుగవుతుందే తప్ప, లోపలి పురుగు నెలల తరబడి తొలుస్తూనే ఉంటుంది. సైకిల్ చువ్వను కన్నంలోకి దూర్చి పురుగును చంపి లేదా బయటికి లాగి, ఆ తరువాత బంకమట్టితో మూయాలి.

గీరిన చోట పచ్చగా, తడిగా ఉంటే బెరడు బతికున్నట్టు. గోధుమ రంగులో కుళ్లి, కన్నమేదీ కనిపించకపోతే శిలీంద్రాన్ని అనుమానించాలి. కుళ్లిన భాగాన్ని పచ్చి బెరడు తగిలేదాకా చెక్కి, అప్పుడు పేస్టు పూస్తేనే ఫలితం. లీటరు నీటికి మైలుతుత్తం, సున్నం చెరి 100 గ్రాములు చాలు. ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రల్లో విడివిడిగా కరిగించి కలపాలి, ఇనుప పాత్ర పనికిరాదు.

పడమటి వైపు బెరడు మాత్రమే ఎండి పగిలితే అది ఎండదెబ్బ కావచ్చు, దానికి సున్నం పూత చాలు. ఊతకర్రకు కట్టిన నైలాన్ తాడు బిగుసుకుని, దాని పైన కాండం ఉబ్బి ఉంటే తాడు కోసేయడమే వైద్యం. (ఈ తాడును కట్టినవారే మరచిపోవడం మామూలే.)

గీరడంలో ముప్పు లేకపోలేదు. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు గుండానే వేళ్లకు దిగుతుంది కనుక, గాటు నిలువుగా, గోరంత ఉండాలి. కాండం చుట్టూ గీరితే మొక్క చచ్చిపోతుంది. కళ్ల ముందే కొడవలి తగిలి బెరడు లేచిపోయినప్పుడు మాత్రం, అందులోనూ వానాకాలంలో, గీరి చూసే పని లేకుండా ఆ రోజే పేస్టు పూయడం మేలు.