ట్రైనర్‌రోడ్ అడాప్టివ్ ట్రైనింగ్: సర్వేలో మీరిచ్చే జవాబే అసలు కీలకం

ఎఫ్‌టీపీ (దాదాపు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ పవర్) 250 వాట్లు ఉన్న ఇద్దరు సైక్లిస్టులకు ఒకే వర్కవుట్ ఇచ్చి చూడండి: అందులో 95 శాతం దగ్గర 20 నిమిషాల ఇంటర్వెల్స్ (మధ్యలో విశ్రాంతితో చేసే కష్టమైన విడతలు) మూడు. ఒకరు నిబ్బరంగా పూర్తి చేస్తారు. ఇంకొకరు రెండో ఇంటర్వెల్ మధ్యలోనే చేతులెత్తేస్తారు. ఎఫ్‌టీపీ ఇద్దరిదీ ఒకటే, కానీ ఆ పవర్‌ను ఎంతసేపు, ఎన్నిసార్లు నిలబెట్టగలరన్నది వేరు. శాతాల లెక్కతో మాత్రమే రాసిన ప్లాన్లు ఈ తేడాను పట్టించుకోవు. సైక్లింగ్ శిక్షణ యాప్ ట్రైనర్‌రోడ్ 2021లో తెచ్చిన అడాప్టివ్ ట్రైనింగ్ విలువంతా ఈ తేడాను లెక్కలోకి తీసుకోవడంలోనే ఉంది. ఆ పని అది బాగా చేస్తుంది. అయితే దానికి అందే సమాచారం తప్పయితే అంతే శ్రద్ధగా తప్పు దారి పట్టిస్తుంది. అందుకే ఈ సమీక్షలో సాఫ్ట్‌వేర్ హంగుల కన్నా దానికి మనం అందించే సమాచారం గురించే ఎక్కువగా చెప్పాల్సి వస్తోంది.

ముందు అది పనిచేసే తీరు. ఎండ్యూరెన్స్, టెంపో, స్వీట్ స్పాట్, థ్రెషోల్డ్, వీవోటూ మ్యాక్స్, అనేరోబిక్ అని, తేలిక నుంచి కష్టం దాకా తీవ్రతను బట్టి జోన్లు ఉంటాయి. ఒక్కో జోన్‌లో మీకు 1 నుంచి 10 వరకు ఒక ప్రోగ్రెషన్ లెవెల్ ఉంటుంది. ప్రతి వర్కవుట్‌కూ అదే కొలమానంలో ఒక లెవెల్ ఉంటుంది. మీ థ్రెషోల్డ్ లెవెల్ 4.0 అయితే 4.4 లెవెల్ వర్కవుట్ మీకు ప్రొడక్టివ్. అంతకన్నా తేలికైనది అచీవబుల్, బాగా పైదైతే స్ట్రెచ్, ఇంకా పైకి పోతే బ్రేక్‌త్రూ. వర్కవుట్ పూర్తి చేస్తే మీ లెవెల్ పెరుగుతుంది, దాన్ని బట్టి రాబోయే వారాల వర్కవుట్లు మారతాయి. లెవెల్ పెరగడమంటే వాట్లు పెరగడమే కానక్కర్లేదు. చాలాసార్లు ఇంటర్వెల్ పొడవు పెరుగుతుంది, లేదా మధ్యలో విశ్రాంతి తగ్గుతుంది.

కొత్తవాళ్లను కంగారు పెట్టే సంగతి ఒకటుంది. ఎఫ్‌టీపీ పెరిగిన రోజున లెవెల్స్ కిందికి దిగుతాయి. 250 కాస్తా 260 అయితే, 95 శాతం ఇంటర్వెల్ 237 వాట్ల నుంచి 247కి చేరుతుంది. అదే వర్కవుట్ ఇప్పుడు పది వాట్లు బరువెక్కింది కాబట్టి లెవెల్ తగ్గడం న్యాయమే. సామర్థ్యం ఎక్కడికీ పోలేదు, కొలిచే గీటురాయి మారింది. లెవెల్ 10 చూడాలన్న ఆశతో కొత్త ఎఫ్‌టీపీని తిరస్కరిస్తూ పోవడం అర్థం లేని పని.

ఇక సర్వే. వర్కవుట్ అయ్యాక ఈజీ, మోడరేట్, హార్డ్, వెరీ హార్డ్, ఆల్ అవుట్ అని ఐదు జవాబులు కనిపిస్తాయి. మొత్తం వ్యవస్థలో ఇంత బరువైన మీట ఇంకోటి లేదు, జనం అంత నిర్లక్ష్యంగా నొక్కేదీ ఇంకోటి లేదు. పవర్ ఫైల్ చూస్తే మీరు వర్కవుట్ పూర్తి చేశారో లేదో తెలుస్తుంది, ఎంత కష్టపడి పూర్తి చేశారో తెలియదు. ఎర్గ్ మోడ్‌లో అయితే మరీను. పవర్‌ను ట్రైనరే (సైకిల్‌ను బిగించి ఇంట్లో తొక్కే యంత్రం) పట్టి ఉంచుతుంది కాబట్టి తేలిగ్గా చేసినవాడి గ్రాఫూ, ప్రాణం మీదికి తెచ్చుకుని చేసినవాడి గ్రాఫూ ఒకేలా ఉంటాయి.

జవాబు ఎంచుకోవడానికి పనికొచ్చే ప్రశ్న ఇది: ఇలాంటి ఇంటర్వెల్స్ ఇంకా ఎన్ని చేయగలిగేవాణ్ణి? మూడో అంతకన్నా ఎక్కువో చేయగలిగితే మోడరేట్. ఒకటి, మహా అయితే రెండు అయితే హార్డ్. ఒకటి కూడా అనుమానమే అయితే వెరీ హార్డ్. చివరి ఇంటర్వెల్ కూడా పడుతూ లేస్తూ పూర్తయితే ఆల్ అవుట్. ఎండ్యూరెన్స్ రైడ్‌కు ఈజీ లేదా మోడరేట్ రావాలి. థ్రెషోల్డ్‌కు హార్డ్ వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. వీవోటూ మ్యాక్స్‌లో అప్పుడప్పుడు వెరీ హార్డ్ రావడం సహజం. ఊపిరి కాస్త కుదుటపడ్డాక, అదే పూట జవాబివ్వండి. మర్నాటికి నొప్పి మరుపున పడి, అంత కష్టమేం కాదనిపిస్తుంది.

గొప్పకు పోయి హార్డ్‌ను మోడరేట్ అని నొక్కితే వచ్చే వారం వర్కవుట్లు మీ మీద పగబట్టినట్టు ఉంటాయి. భయపడి ప్రతిదానికీ వెరీ హార్డ్ అంటే ప్లాన్ ఉన్నచోటే తిరుగుతుంది. మధ్యలో ఆపేసినప్పుడు కారణం అడిగే ప్రశ్న ఇంకా ముఖ్యం. నిద్ర చాలక ఆపారా, తిండి చాలక ఆపారా, టైమ్ లేక ఆపారా, నిజంగానే ఇంటెన్సిటీ మించిపోయిందా? పొద్దున్న ఏమీ తినకుండా ఎక్కి 40వ నిమిషంలో కూలబడి, కారణం ఇంటెన్సిటీ అని చెబితే సాఫ్ట్‌వేర్ మీ సామర్థ్యాన్ని తక్కువ అంచనా వేసి వర్కవుట్లను తేలిక చేస్తుంది. ఆ తప్పు సరిదిద్దుకోవడానికి వారాలు పడుతుంది.

ఇంటర్వెల్ మధ్యలో నిలవలేకపోతే ఏం చేయాలన్నది జోన్‌ను బట్టి ఉంటుంది. స్వీట్ స్పాట్, థ్రెషోల్డ్‌లలో ఇంటెన్సిటీని 2 నుంచి 5 శాతం దించి పూర్తి చేయడం మేలు, శిక్షణ ప్రయోజనం పెద్దగా చెడదు. వీవోటూ మ్యాక్స్‌లో ఇంటర్వెల్స్ మధ్య విశ్రాంతిని ఒక నిమిషం పొడిగించి, టార్గెట్‌ను అలాగే ఉంచడం మంచిది. 10 శాతం దించినా సాగకపోతే ఆ రోజుకు ఆపేయండి. ఎక్కకముందే ఒళ్లు సహకరించడం లేదని తెలిస్తే ఆల్టర్నేట్స్ (బదులు వర్కవుట్ల జాబితా) తెరిచి, అదే జోన్‌లో తక్కువ లెవెల్ వర్కవుట్ ఎంచుకోవచ్చు. సగంలో ఆపిన కష్టమైన వర్కవుట్ కన్నా పూర్తి చేసిన తేలిక వర్కవుట్ సాఫ్ట్‌వేర్‌కు స్పష్టమైన సమాచారం ఇస్తుంది.

ఎఫ్‌టీపీ ఎలా తెలుసుకోవాలి? ర్యాంప్ టెస్ట్‌లో నిమిష నిమిషానికీ పవర్ పెరుగుతుంది. చివరికి మీ అత్యుత్తమ ఒక నిమిషం పవర్‌లో 75 శాతాన్ని ఎఫ్‌టీపీగా తీసుకుంటారు. ఆ నిమిషం 340 వాట్లయితే ఎఫ్‌టీపీ 255. స్ప్రింట్ బలం ఎక్కువున్న వాళ్లకు ఈ టెస్ట్ ఎక్కువ చూపిస్తుంది, గంటల తరబడి ఒకే వేగంతో సాగేవాళ్లకు తక్కువ చూపిస్తుంది. ఏఐ ఎఫ్‌టీపీ డిటెక్షన్ వచ్చాక టెస్ట్ లేకుండానే పాత వర్కవుట్ల ఆధారంగా అంచనా వస్తోంది. క్రమం తప్పకుండా ట్రైనింగ్ చేసేవాళ్లకు ఇదే నయం. రెండు నెలల విరామం తర్వాత మాత్రం ఆ అంకెను గుడ్డిగా నమ్మకూడదు.

అంకె సరైనదో కాదో లెవెల్సే చెబుతాయి. వీవోటూ మ్యాక్స్ లెవెల్ 5 దాటి సాఫీగా సాగుతోంది, థ్రెషోల్డ్ మాత్రం 2 దగ్గరే మొరాయిస్తోంది అంటే ఎఫ్‌టీపీ ఎక్కువ పడి ఉండే అవకాశం బలంగా ఉంది. 3 నుంచి 5 శాతం తగ్గించి రెండు వారాలు చూడండి. దీనికి తిరగేసి, స్వీట్ స్పాట్, థ్రెషోల్డ్ వర్కవుట్లన్నీ వరసగా ఈజీ అవుతుంటే అంకె తక్కువ పడిందన్నమాట.

పవర్ మీటర్ సంగతికి వద్దాం. ట్రైనర్ ఒకలా, పెడల్ మీటర్ ఇంకోలా చూపిస్తే ఈ వ్యవస్థ పునాదే కదులుతుంది. రెండూ చెరి 2 శాతం తేడాతో ఎదురెదురు దిక్కుల్లో తప్పితే, 250 వాట్ల దగ్గర మొత్తం తేడా 10 వాట్లు. ఇంట్లో హార్డ్ అయిన వర్కవుట్ బయట ఆల్ అవుట్ అవుతుంది, సాఫ్ట్‌వేర్‌కు కారణం అంతుబట్టదు. ఎడమ కాలిని మాత్రమే కొలిచే మీటర్లు ఆ అంకెను రెట్టింపు చేస్తాయి. ఎడమ కాలు 52 శాతం పని చేసే మనిషికి అసలు పవర్ కన్నా 4 శాతం ఎక్కువ కనిపిస్తుంది. అలసిపోయాక కాళ్ల మధ్య పంపకం మారితే ఈ తప్పు కూడా మారుతుంది. ట్రైనర్‌కూ మీటర్‌కూ మధ్య తేడాకు మందు పవర్‌మ్యాచ్. అది ట్రైనర్‌ను మీ సైకిల్ మీటర్ చూపే అంకె ప్రకారం నడిపిస్తుంది, ఇంటా బయటా ఒకే కొలత ఉంటుంది. ప్రతి రైడ్‌కు ముందు మీటర్‌ను జీరో ఆఫ్‌సెట్ (బలం పడనప్పుడు సున్నా చూపేలా సరిచేయడం) చేయండి, అదీ సైకిల్ గది ఉష్ణోగ్రతకు అలవాటుపడ్డాక. చక్రాన్ని రోలర్‌కు ఆనించే రకం ట్రైనర్ అయితే టైర్‌లో గాలి ప్రతిసారీ ఒకే పీడనానికి కొట్టి, 10 నిమిషాలు తొక్కి వేడెక్కాక స్పిన్‌డౌన్ (వేగంగా తిప్పి వదిలేసి, చక్రం ఆగే తీరును బట్టి ట్రైనర్‌ను సరిచూసుకోవడం) చేయాలి. చల్లగా ఉన్నప్పుడు చేసిన స్పిన్‌డౌన్ నమ్మదగినది కాదు.

ఎర్గ్ మోడ్‌లో కేడెన్స్ (నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ సంఖ్య) పడిపోతే ట్రైనర్ అదే పవర్ కోసం బిగుసుకుంటుంది, బిగుసుకున్న కొద్దీ కేడెన్స్ ఇంకా పడిపోతుంది. 60 కిందికి జారితే పుంజుకోవడం కష్టం. మొండిగా తొక్కకుండా కాళ్లు ఆపండి, ట్రైనర్ టార్గెట్‌ను వదిలేశాక తేలిగ్గా తిప్పి మళ్లీ అందుకోండి. ఇంటర్వెల్ మొదలవడానికి ఐదు సెకన్ల ముందే కేడెన్స్ ఓ ఐదు పెంచి ఉంచుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు రాదు. ముందు చిన్న రింగు, వెనక క్యాసెట్ మధ్య పళ్లచక్రం, చైన్ తిన్నగా ఉంటే చాలు. 30 సెకన్లు తొక్కి 15 సెకన్లు వదిలే తరహా ఇంటర్వెల్స్‌లో చాలా ట్రైనర్లు అంత త్వరగా పవర్ మార్చలేవు. అక్కడ బిగువు స్థిరంగా ఉండే రెసిస్టెన్స్ మోడ్‌కు మారి గేర్లతో మీరే నడుపుకోవాలి.

గదిలో గాలి ఆడకపోతే వేడికి గుండె వేగం ఎక్కుతుంది, చివరి ఇంటర్వెల్స్ తప్పుతాయి. సాఫ్ట్‌వేర్‌కు అది వేడి వల్ల అని తెలియదు. ఛాతీకి ఎదురుగా ఒక బలమైన ఫ్యాన్, వీలైతే వెనక నుంచి ఇంకోటి పెట్టండి. గంట దాటే కష్టమైన వర్కవుట్‌కు గంటకు 60 నుంచి 90 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకోండి. 60 దాటితే గ్లూకోజ్‌తో పాటు ఫ్రక్టోజ్ కూడా కలిసి ఉండాలి, లేకపోతే పేగులు అంత వేగంగా పీల్చుకోలేవు.

ప్లాన్ బిల్డర్‌లో చాలామంది చేసే పొరపాటు ఎక్కువ వాల్యూమ్ (వారానికి శిక్షణ మోతాదు) ఎంచుకోవడం. వారానికి మూడు కష్టమైన వర్కవుట్లుండే లో వాల్యూమ్‌తో మొదలుపెట్టి, మిగిలిన సమయంలో ఎండ్యూరెన్స్ రైడ్లు కలుపుకోవడం మంచి పద్ధతి. కోలుకోవడానికి ఎక్కువ సమయం పట్టే వయసువాళ్లకు రెండు కష్టమైన రోజులుండే మాస్టర్స్ ప్లాన్ నప్పుతుంది. రికవరీ వారాన్ని దాటవేయకండి. 2024లో వచ్చిన రెడ్ లైట్ గ్రీన్ లైట్ అలసట పేరుకుంటున్న రోజులను పసుపు, ఎరుపు రంగుల్లో చూపించి, వర్కవుట్ తేలిక చేయమనో విశ్రాంతి తీసుకోమనో సూచిస్తుంది. ఉపయోగకరమే, కానీ రాత్రంతా మేలుకున్నారనీ, జ్వరం వచ్చేలా ఉందనీ దానికి తెలియదు. జబ్బు చేస్తే క్యాలెండర్‌లో ఆ విషయం నమోదు చేయండి, ప్లాన్ దాని చుట్టూ సర్దుకుంటుంది. చెప్పకుండా వర్కవుట్లు వదిలేస్తే, తిరిగొచ్చిన మొదటి రోజే పాత బరువు మీద పడొచ్చు.

పోటీలో ఉన్న యాప్‌ల సంగతి క్లుప్తంగా. ఎక్సర్ట్ టెస్టుల ఊసే లేకుండా ప్రతి రైడ్ నుంచీ థ్రెషోల్డ్, హై ఇంటెన్సిటీ ఎనర్జీ (థ్రెషోల్డ్ పైన ఖర్చు చేయగల శక్తి), పీక్ పవర్‌లను లెక్కగడుతుంది. ఎక్కువగా బయటే తొక్కేవాళ్లకు, గ్రూప్ రైడ్ల వాళ్లకు బాగా నప్పుతుంది. అయితే అప్పుడప్పుడు ఒళ్లు పూర్తిగా పిండుకునే ప్రయత్నం చేయకపోతే దాని అంచనా కరిగిపోతూ ఉంటుంది, పైగా దాని పరిభాష ఒంటబట్టడానికి సమయం పడుతుంది. జాయిన్ అనే యాప్ ఈ రోజు ఎంత సమయముంది, ఒంట్లో ఎలా ఉంది అని అడిగి ప్లాన్‌ను మళ్లీ అల్లుతుంది. షిఫ్టుల ఉద్యోగాలు, చంటిపిల్లలు ఉన్నవాళ్లకు నేను ముందు దాన్నే చూడమంటాను. వారానికి రెండు మూడు సార్లయినా ట్రైనర్ మీద ఇంటర్వెల్స్ చేసే అలవాటున్నవాళ్లకు మాత్రం ట్రైనర్‌రోడ్ వర్కవుట్ల భాండాగారం, లెవెల్స్ పద్ధతీ వీటన్నిటికన్నా మెరుగు.

మొదటి ఆరు వారాలు గడిచేదాకా తీర్పు చెప్పకండి. ఈలోగా గమనించాల్సింది ఒకటే: వరసగా మూడు ప్రొడక్టివ్ వర్కవుట్లకు వెరీ హార్డ్ వస్తే ముందు ఫ్యాన్, తిండి, నిద్ర చూడండి. తర్వాత జీరో ఆఫ్‌సెట్ చూడండి. అవన్నీ సరిగానే ఉంటే అప్పుడు ఎఫ్‌టీపీని తగ్గించండి.