మా బడికి రాస్ప్‌బెర్రీ షేక్ తెప్పించాం, ఎలా ఉందంటే

2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించాక, మా హైస్కూలు పిల్లల ప్రశ్నలకు బోర్డు మీద బొమ్మలు గీసి నెట్టుకురావడం కష్టమైపోయింది, అందుకే రాస్ప్‌బెర్రీ షేక్ 1డీ అనే, భూమి కంపనాలను గీతగా నమోదు చేసే యంత్రం తెప్పించాం. చిన్న డబ్బా, లోపల రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, పైకీ కిందకీ కదలికను పసిగట్టే జియోఫోన్. మెట్ల కింద గచ్చు మీద పెట్టి కరెంటు, ఇంటర్నెట్ వైర్లు తగిలిస్తే గీత కదలడం మొదలవుతుంది.

పిల్లలు చేసిన మొదటి పని, అందరూ ఒకేసారి ఎగరడం! ఇంటర్వెల్ గంట కొట్టగానే గీత ఎలా గుబురెక్కుతుందో, రాత్రి ఎంత నెమ్మదిస్తుందో పోల్చి చూసి, నాయిస్ అంటే, చుట్టుపక్కల అలజడి అంటే, ఏమిటో నేను చెప్పకుండానే పట్టేశారు. దగ్గర్లో వచ్చిన భూకంపమైతే ముందు వచ్చే పీ తరంగానికీ, తర్వాత వచ్చే ఎస్ తరంగానికీ మధ్య సెకన్లు లెక్కపెట్టి ఎనిమిదితో గుణిస్తే సుమారుగా ఎన్ని కిలోమీటర్ల దూరమో వస్తుంది. దిక్కు మాత్రం తెలియదు, భూకంప కేంద్రం ఎక్కడో పట్టాలంటే కనీసం మూడు చోట్ల రికార్డులు కావాలి, వేరే స్టేషన్ల గీతలు ఆన్‌లైన్‌లో చూడొచ్చు కాబట్టి ఆ లెక్కా క్లాసులోనే చేయించొచ్చు.

ఎస్ తరంగం ఎక్కువగా పక్కలకు ఊపుతుంది కాబట్టి ఇందులో అంత స్పష్టంగా కనపడదు. పక్కల కదలికలూ పట్టే 3డీ మోడల్ ఉంది కానీ ధర ఎక్కువ, సర్కారు బడికైతే 1డీ కూడా ఎవరైనా దాత దొరికితేనే. కొంటే చిన్న యూపీఎస్ కూడా కలిపి కొనండి, కరెంటు పోతే రికార్డు ఆగిపోతుంది.