32 బోర్డులు, 64 చిప్‌లు, అన్నీ తలకిందులే

పాత బీబీసీ మైక్రో కంప్యూటర్‌కి తగిలించే ఈ బోర్డంటే నాకు ప్రాణం. దీన్ని తెప్పించిన తీరు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియదు, ఎందుకంటే తెప్పించింది నేనే.

సంగతేంటంటే, నేనుండే మాంచెస్టర్ చుట్టుపక్కల పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్లం నెలకోసారి కలుస్తాం. 2022 మొదట్లో అందరం కలిసి బీబీసీ మైక్రోకి పైట్యూబ్‌డైరెక్ట్ బోర్డులు చేయించుకుందామనుకున్నాం. బీబీసీ మైక్రోని చేసిన ఎకార్న్ కంపెనీ వాళ్లు 80లలో దానికి సెకండ్ ప్రాసెసర్ అని ఇంకో ప్రాసెసరూ మెమరీ ఉన్న పెట్టె అమ్మేవాళ్లు, దాన్ని ట్యూబ్ అనే సాకెట్‌కి తగిలించాలి. ఆ పెట్టె పనిని ఇప్పుడు వేలెడంత కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై జీరో చేస్తుంది, దానికీ బీబీసీకీ మధ్య 5 వోల్టుల్ని 3.3కి దించే చిన్న బోర్డు కావాలి. డిజైన్ ఫైళ్లు ఉచితంగానే దొరుకుతాయి. ఒక్కటి చేయిస్తే దండగ, 30 చేయిస్తే చవక. లెక్కలు ఎవరు చూస్తారంటే అందరూ నా వైపు చూశారు.

బోర్డు సంగతి ముందు చెప్తాను. 1988లో నేను తొమ్మిదో తరగతి. బడుల్లో కంప్యూటర్లు నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ పథకం పుణ్యమా అని మా బడికీ బీబీసీ మైక్రోలు వచ్చాయి. తాళం వేసిన గది, చెప్పులు బయట విడవాలి, వారానికి ఒక్క పీరియడ్, కీబోర్డు ముందు ముగ్గురం. నేను చుక్కల ముగ్గు వేసే ప్రోగ్రాం మొదలుపెట్టాను. గీతలు సన్నగా రావాలంటే మోడ్ 0 అనే స్క్రీన్ రకం కావాలి, ఆ స్క్రీన్ ఒక్కటే 32 కేబీ మెమరీలో 20 కేబీ తినేస్తుంది. డిస్క్ పెట్టిన మెషీన్‌లో మనకి మిగిలేది 5,888 బైట్లు. పదిహేను చుక్కల ముగ్గు దాకా వచ్చేసరికి 'నో రూమ్' అని వచ్చేది. ఆ రెండు మాటలు నా కలల్లోకి కూడా వచ్చాయి.

ఈ బోర్డు పెట్టాక స్క్రీన్ బీబీసీ దగ్గరే ఉంటుంది, ప్రోగ్రాం వేరే 64 కేబీలోకి వెళ్లిపోతుంది. అదే మోడ్ 0లో మామూలు బేసిక్‌తోనే 30,720 బైట్లు ఖాళీ, సెకండ్ ప్రాసెసర్ కోసమే చేసిన హై-బేసిక్ వేసుకుంటే 44 కేబీ. ఇక స్పీడు సంగతి చెప్పక్కర్లేదు, గీతలు ఒక్కొక్కటీ పాక్కుంటూ వచ్చే ముగ్గు ఇప్పుడు అమ్మ చెయ్యి తిరిగినంత వేగంగా వచ్చేస్తుంది. స్విచ్ వెయ్యగానే 'ఎకార్న్ ట్యూబ్ 6502 64కే' అన్న లైను చూస్తే నాలుగేళ్లయినా అదే సంతోషం. ఆపేటప్పుడు షట్‌డౌన్ తతంగం కూడా లేదు, స్విచ్ కట్టేస్తే చాలు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఇప్పుడు తెప్పించిన కథ.

బోర్డుకి 11 పౌండ్లు చొప్పున 32 మంది దగ్గర ముందే డబ్బు కట్టించుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మ వీధిలో చీటీలు కట్టించుకునేది, గీతలు కొట్టిన నోటు పుస్తకం, ఎవరెంత కట్టారో పెన్సిల్‌తో టిక్కులు. దానికెంత ఓపిక కావాలో నాకు 2022లో తెలిసింది. ఆర్డర్ పెట్టాక ఇద్దరు వద్దన్నారు. ఒకాయన మూడు రోజులకోసారి 'ఏమైనా తెలిసిందా' అని మెసేజ్ పెట్టేవాడు, తెలిస్తే నేనే చెప్తాను కదా నాయనా అని రాసి చెరిపేసేవాణ్ణి. ఇంకొకాయన కట్టిన డబ్బులో ఫీజు పోగా నాకు 10 పౌండ్ల చిల్లర వచ్చింది, తేడా అడగడానికి మొహమాటం. ఇలాంటి మొహమాటాలు 32 అయితే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

అసలు దెబ్బ అది కాదు. బోర్డు మీద ఇరవై కాళ్ల చిప్‌లు రెండు ఉంటాయి. వాటిని ఫ్యాక్టరీలోనే అంటించమన్నాం, చేత్తో అంటిస్తే కళ్లు పోతాయి. ఏ చిప్ ఎక్కడ, ఎంత కోణంలో కూర్చోవాలో చెప్పే ఫైలు ఒకటి పంపాలి. డిజైన్ సాఫ్ట్‌వేర్ సున్నా డిగ్రీలు అనుకున్నదీ, ఫ్యాక్టరీ సున్నా డిగ్రీలు అనుకున్నదీ ఒకటి కావాలని లేదు. అందుకే వాళ్లు చిప్‌లు ఎలా కూర్చుంటాయో బొమ్మ చూపిస్తారు, మొదటి కాలు చుక్క బోర్డు మీద గుర్తుతో కలిసిందో లేదో మనం చూసుకోవాలి. నేను ఆ బొమ్మని రైల్లో, ఫోన్‌లో, నిలబడి చూశాను. అంతటితో ఆగితే తప్పు చెరిసగం అనుకునేవాణ్ణి. వాళ్లకి అనుమానం వచ్చి ఫొటో పెట్టి మరీ మెయిల్ పంపారు, దిశ సరిగ్గానే ఉందా అని. రాత్రి పదకొండింటికి నేను 'సరిగ్గానే ఉంది, కానివ్వండి' అని జవాబిచ్చాను. ఆ మెయిల్ ఇప్పటికీ నా దగ్గరుంది, గర్వం వచ్చినప్పుడల్లా తీసి చదువుకుంటాను.

పెట్టె వచ్చింది. ముద్దుగా ఉన్నాయి బోర్డులు. ఒకదానికి పై జీరో తగిలించి, కేబుల్ పెట్టి, స్విచ్ వేశాను. బీబీసీ మామూలుగానే బీప్ కొట్టింది, ట్యూబ్ లైను మాత్రం రాలేదు. కేబుల్ సరిగ్గా కూర్చోలేదేమోనని నొక్కబోయి చిప్ మీద వేలు పెట్టాను, చురుక్కుమంది. ఈ రకం చిప్‌కి పదో కాలు గ్రౌండు, ఇరవయ్యోది పవరు, రెండూ ఎదురెదురు మూలల్లో ఉంటాయి. చిప్పుని సగం చుట్టు తిప్పి పెడితే పవరు ఉండాల్సిన చోట గ్రౌండు. చిప్‌లు పోయాయి, పై జీరో కూడా పోయింది. ఆ రోజుల్లో పై జీరోలకి ఎంత కరువో గుర్తుంది కదా, షాపుల్లో మనిషికి ఒక్కటే అనేవాళ్లు, ఆ ఒక్కటి కూడా ఉంటే. మళ్లీ ఇంకొకటి దొరకడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

మిగతా 31 బోర్డులకి పవరు తగల్లేదు కాబట్టి చిప్‌లు బతికే ఉన్నాయి, ఊడదీసి తిప్పి అంటిస్తే సరి. సరి అనడం తేలిక. మా గుంపులో టీవీలు బాగుచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, ఆయన హాట్ ఎయిర్ గన్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. రెండు ఆదివారాలు డైనింగ్ టేబుల్ మీద అదే పని. చిప్ మీద వేడిగాలి వదిలితే పక్కనున్న ఆవగింజల్లాంటి కెపాసిటర్లు ఎగిరిపోయేవి, వాటిని టార్చి వేసి కార్పెట్‌లో వెతకడం నా డ్యూటీ. మా ఆవిడ పోపు ఘాటు భరిస్తాను గానీ టంకానికి వాడే ఈ ఫ్లక్స్ వాసన నా వల్ల కాదని కిటికీలన్నీ తెరిచింది, బయట ఫిబ్రవరి చలి. పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు, అనుంటే బాగుండేది. ఇరవయ్యో బోర్డు దగ్గర అనుకుంటా, 'నువ్వు ఆ మెయిల్‌కి జవాబిచ్చేటప్పుడు నిద్రపోతున్నావా' అని అడిగారు, అంతే.

రెండు బోర్డులకి వేడి ఎక్కువై చిప్ కాళ్లు అంటుకునే ప్యాడ్లు లేచిపోయాయి. వాటికి సన్నటి తీగలతో దారి వేశాం. పోయిన చిప్‌లు, పోస్టేజీ, పై జీరో అన్నీ కలిపితే నా జేబులోంచి 70 పౌండ్ల దాకా వెళ్లాయి. ఎవర్నీ అడగలేదు.

పంచాక ఇంకో జాతర. సగం మంది పనిచెయ్యట్లేదని ఫోన్లు. తీరా చూస్తే వాళ్ల మెషీన్లలో డిస్క్ నడిపే పాత డీఎఫ్ఎస్ రోమ్ చిప్ ఉంది, ట్యూబ్‌తో మాట్లాడే కోడు అందులో లేదు, ఆ కోడున్న డీఎన్ఎఫ్ఎస్ రోమ్ వెయ్యాలి. ఇది ముందే ఒక కాగితం మీద రాసి పెట్టెలో పడేస్తే పోయేది.

ఇందాక ఒక్కసారి కూడా మొరాయించలేదన్నాను కదా, అది కేబుల్ మార్చాక మాట. మొదటి ఏడాది బోర్డుని మెషీన్ వెనక్కి పెట్టాలని మూరెడు రిబ్బన్ కేబుల్ వాడాను, పెద్ద ముగ్గు మధ్యలో ఆగిపోయేది. జానెడు కేబుల్ వేశాక ఆగలేదు. స్విచ్ వెయ్యగానే ట్యూబ్ లైను వస్తుందన్నదీ పదింట ఎనిమిదిసార్లు, మిగతా రెండుసార్లు బ్రేక్ కీ నొక్కాలి. ఇంకోటి, పాత ఆటలు చాలావరకు స్క్రీన్ మెమరీలోకి నేరుగా రాస్తాయి, సెకండ్ ప్రాసెసర్ ఉంటే అవి ఆడవు, దాన్ని ఆపి ఆడుకోవాలి. మా అబ్బాయికి ఆటలే కావాలి, వాడి దృష్టిలో ఇది పనికిమాలిన బోర్డు. జెడ్80, ఏఆర్ఎం అంటూ రకరకాల ప్రాసెసర్ల వేషాలు కూడా వేస్తుంది, చుట్టాలొస్తే చూపించడానికి తప్ప నేను వాడింది లేదు.

కాబట్టి కొనాలా అంటే, నాలా బేసిక్‌లో ఏదో రాసుకునే పిచ్చి ఉంటే కొనండి, ఆటలకైతే వద్దు. కొనే ముందు మీ బీబీసీ పవర్ సప్లైలో పాత రిఫా కంపెనీ కెపాసిటర్లు మార్పించారో లేదో చూసుకోండి, అవి పొగలు కక్కాక ఏ బోర్డూ మిమ్మల్ని కాపాడదు. పదిమందికీ తెప్పించాలా అంటే నా జవాబు నమ్మకండి, నాకింకా కోపం పోలేదు.

రెండో విడత ఎప్పుడని మొన్న కూడా ఒకాయన అడిగాడు. ఫైళ్లు పంపాను, కోణం సరిచేసినవే. తీగలతో దారి వేసిన ఆ రెండు బోర్డుల్లో ఒకటి పెద్దాయన దగ్గరుంది, రెండోది నా మెషీన్ కింద, ముగ్గు వేస్తోంది.