బ్రేక్ ఆయిల్ టెస్టర్ పెన్, మూడేళ్ళు వాడాక

బ్రేక్ ఆయిల్లో నీళ్ళు ఎంత చేరాయో లైట్లతో చూపించే ఈ పెన్ కొన్న కొత్తలో కాలనీలో ఎవరు బానెట్ ఎత్తినా వెళ్ళి ముంచేవాణ్ణి, ఇంట్లోవాళ్ళు నవ్వేవాళ్ళు. అంత పిచ్చి ఎందుకు పట్టిందో తెలియాలంటే 2023 తిరుమల ట్రిప్పు చెప్పాలి.

మాది నెల్లూరు. 2016 హ్యాచ్‌బ్యాక్, సర్వీసులన్నీ టైముకే చేయించా, ప్రతి బిల్లులో "బ్రేక్ ఆయిల్ ఓకే" అని టిక్కు. ఆ టిక్కుకి అర్థం బానెట్ కింద ఆయిల్ డబ్బాలో లెవెల్ గీత దాకా ఉందని, అంతేనట! ఏడేళ్ళలో ఒక్కసారి కూడా మార్చలా. దర్శనం చేసుకుని దిగుతున్నాం, ఐదుగురం, డిక్కీ నిండా సామాను, నేనేమో మూడో గేర్లో వంపు వంపుకీ బ్రేక్ తొక్కుతా వస్తున్నా (రెండో గేర్లో దిగాల్సింది, ఆ తప్పు నాదే). ఏడో మైలు ఆంజనేయస్వామి దాటాక కాలిన వాసన, ముందు బస్సుదేమోలే అనుకున్నా, ఇంకో రెండు వంపులకి పెడల్ మెత్తబడింది, మళ్ళీ తొక్కితే ఏకంగా మ్యాట్‌కి ఆనింది. వెనక సీట్లో అమ్మ గోవిందా గోవిందా అంటోంది, మామూలుగా అంటోందో భయపడి అంటోందో తెలీదు. పెడల్ టపటపా కొట్టి, రెండోకి దించి, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెం లాగుతూ కొండవైపు ఆపా. ముప్పావు గంట తర్వాత చూస్తే పెడల్ గట్టిగా ఉంది, అసలేం జరగనట్టు.

తిరుపతిలో మెకానిక్ చక్రం దగ్గర నిప్పుల్ లూజ్ చేసి ట్యూబ్ పెట్టి సీసాలోకి వదిలాడు. "ఏం సామీ, బ్రేక్ ఆయిలా ఇది, డికాషనా?" అన్నాడు. పేరుకే ఆయిల్, గాల్లో తేమ తాగుతూనే ఉంటుంది. కొత్త డాట్ 4 (బ్రేక్ ఆయిల్లో ఒక గ్రేడు) కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, అందులో 3.7 శాతం నీళ్ళు చేరితే ఆ హద్దు 155కి దిగిపోతుంది. బ్రేకుల వేడికి మరిగితే ఆవిరి బుడగలు, మనం తొక్కిన బలమంతా బుడగని నొక్కడానికే సరి, ప్యాడ్ దాకా పోదు. చల్లారితే బుడగలు మాయం, పెడల్ మళ్ళీ బుద్ధిమంతుడు.

ఇంటికొచ్చిన వారంలోనే పెన్ కొన్నా. మూత తీసి ముంచితే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు లైట్లు, అంతే పని. ఏడాది కింద సగం వాడి షెల్ఫ్‌లో పెట్టిన సీసాలో ముంచితే పసుపు వెలిగింది, అప్పట్నుంచి మిగిలింది దాచడం మానేశా. అప్పుడు దీనికి ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు మూడున్నర. పోయినేడాది డబ్బాలో ఆకుపచ్చే చూపించింది, ఎందుకో అనుమానమొచ్చి ముందు చక్రం నిప్పుల్ నుంచి కొంచెం తీయిస్తే రంగు మారిపోయి ఉంది, పెన్ పెడితే పసుపు. వేడెక్కేది అక్కడ, మనం చూసేది పైన డబ్బాలో. పైగా ఒకే సీసాలో రెండుసార్లు ముంచితే రెండు రకాలుగా చెప్పిన రోజులూ ఉన్నాయి.

అందుకే లైటు ఏదున్నా రెండేళ్ళకోసారి మార్పించేస్తున్నా, లేబర్‌తో కలిపి ఎనిమిది వందలైంది. మాది సముద్రం గాలి తగిలే ఊరు, పైగా ఏడాదికి నాలుగైదుసార్లు కొండెక్కుతాం. హైదరాబాద్‌లో ఇల్లూ ఆఫీసూ తప్ప తిరగనివాళ్ళకి ఈ పెన్ అవసరమా అంటే ఏమో, నేనైతే కొనమని పట్టుబట్టను. సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు మాత్రం పనికొస్తుంది, మా బావ అందుకే పట్టుకెళ్ళాడు, నెలైంది, కారూ కొనలా, పెన్నూ ఇవ్వలా.